ఉత్తమ అధ్యాపకుని నిర్ణయించేదెవరు?

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



వచ్చే సంవత్సరం నుండి మన జిల్లాలోని డిగ్రీ కళాశాలల్లో, విశ్వవిద్యాలయంలో బాగా పాఠం చెప్పే అధ్యాపకునికొక బహుమతి ఇవ్వాలని మన కార్యవర్గం తీర్మానించిన సంగతి మీకు విదితమే. బహుమతి సొమ్ము సిద్ధంగా ఉన్నది. షీల్డు ఎక్కడ చేయించాలో కూడా అనుకున్నారు. ఎవరికివ్వాలో తేల్చడానికి ముగ్గురు ప్రొఫెసర్లను పిలుద్దామన్నారు. ఆ ముగ్గురూ ఏం చూసి తేలుస్తారన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. దాని మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు మమ్మల్ని అడిగారు.

మేము బడిపంతుళ్ళం. ఉర్దూ మీడియం ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పుకునేవాళ్ళం. విశ్వవిద్యాలయం సంగతి వీళ్ళకేం తెలుసునని మీలో కొందరికి అనిపించవచ్చు. అనిపించనివ్వండి. మా చేతుల మీదుగా వెళ్ళిన పిల్లలే అక్కడ బెంచీల మీద కూర్చుంటున్నారు. ఏ లెక్చరరు క్లాసులో బుర్ర తెరుచుకుంటుందో, ఏ లెక్చరరు క్లాసులో కళ్ళు మూసుకుపోతాయో సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ముందు మాకే చెబుతారు. పైగా ఈ బహుమతుల వ్యవహారం గురించి కొంతకాలంగా మేము చదువుతూ వస్తున్నాము.

మొదట ఒక చిక్కు చూడండి. ప్రొఫెసరు చేసే పరిశోధన అచ్చవుతుంది. మద్రాసులో ఉన్నవాడూ, లండనులో ఉన్నవాడూ తెప్పించుకుని చదివి, ఇది బాగుంది, ఇందులో పస లేదు అని చెప్పగలడు. పాఠం అట్లా కాదు. తలుపు వేసుకుని చెప్పేది. గంట కొట్టగానే అయిపోతుంది. బ్లాక్‌బోర్డు తుడిచేశాక అక్కడ ఏం జరిగిందనడానికి ఆనవాలు మిగలదు. అందుచేతనే అమెరికాలో ఎర్నెస్ట్ బోయర్ అనే విద్యావేత్త 1990లో ఒక ప్రసిద్ధమైన నివేదిక వ్రాసి, బోధన కూడా పాండిత్యమే, దానికీ పరిశోధనతో సమానంగా విలువ కట్టండని విశ్వవిద్యాలయాలకు చెప్పవలసి వచ్చింది. విలువ కట్టాలంటే తూచాలి. తూచాలంటే తక్కెడ కావాలి. తక్కెడ పట్టుకున్న వాళ్ళు ఎవరయ్యా అంటే, ప్రతి దేశంలోనూ ఎక్కువగా వాళ్ళ తోటి ప్రొఫెసర్లే.

కెనడాలో 1986 నుండి జాతీయ స్థాయిలో ఇట్లాంటి గౌరవం ఒకటి ఉన్నది. దానికి ఒక పెద్ద కంపెనీ పేరు పెట్టారు. ఆస్ట్రేలియాలో 1997 నుండి ఉన్నది. ఇంగ్లండు వారు 2000 సంవత్సరంలో నేషనల్ టీచింగ్ ఫెలోషిప్ అని మొదలుపెట్టారు. తొలి ఏడాది 20 మందికి, తలకు 50 వేల పౌండ్ల చొప్పున ఇచ్చారు. మన పంతుళ్ళకు కళ్ళు తిరిగే సొమ్ము అది. తరువాత సొమ్ము తగ్గుతూ వచ్చింది, ఎంపికయ్యే వారి సంఖ్య పెరిగింది. ఇప్పుడు ఏడాదికి 55 మంది వరకూ ఎంచుతున్నారు. ఒక్కొక్క విశ్వవిద్యాలయం ముగ్గురిని మించి పంపకూడదు. పంపిన వారిని మూడు విషయాలలో పరిశీలిస్తారు. తన విద్యార్థులకు తాను స్వయంగా ఎంత మేలు చేశాడు, తన చుట్టూ ఉన్న అధ్యాపకులకు ఎంత తోడ్పడ్డాడు, తన పనిని తాను ఎట్లా మెరుగుపరుచుకుంటూ వచ్చాడు. ఈ మూడూ మంచి ప్రశ్నలే. మాకు రెండవది మరీ నచ్చింది. తన పాఠం తాను చెప్పుకుని, పక్క గదిలో కొత్తగా చేరిన కుర్ర లెక్చరరు తడబడుతుంటే నాకెందుకులే అనుకునేవాణ్ణి ఎంత గొప్ప వక్తయినా ఉత్తముడని ఎట్లా అంటాం?

అయితే ఆ జవాబులన్నీ కాగితం మీద వస్తాయి. న్యాయనిర్ణేతలు కాగితం చదివి మార్కులు వేస్తారు. క్లాసు గదికి వెళ్ళరు. వెళ్ళడం సాధ్యమూ కాదనుకోండి, దేశమంతా ఎక్కడ తిరుగుతారు? కాని దాని ఫలితమేమిటి? బాగా చెప్పేవాడు ఒకడు, బాగా చెప్పినట్లు బాగా వ్రాయగలవాడు ఇంకొకడు. రెండూ ఒకరిలోనే ఉంటే సరే. లేకపోతే తక్కెడ రెండోవాడి వైపు మొగ్గుతుంది. తన గురించి తాను పేజీలకు పేజీలు పొగుడుకుంటూ వ్రాయడం అందరికీ చేతనయ్యే పని కాదు. మన పెద్దవాళ్ళు అట్లా వ్రాయడం అదబ్ కాదని కూడా నేర్పారు. అదబ్ ఉన్నవాడికి బహుమతి రాకపోతే తప్పు అదబ్‌దా, ఫారందా?

వ్యక్తుల సంగతి ఇట్లా ఉండగా, 2017లో ఇంగ్లండు ప్రభుత్వం విశ్వవిద్యాలయాలకే పతకాలు పంచింది. బంగారం, వెండి, కంచు. తీర్పు చెప్పే మండలిలో ప్రొఫెసర్లతో పాటు విద్యార్థులను కూడా కూర్చోబెట్టారు. ఇది మెచ్చుకోవలసిన పని. వారి ముందు పెట్టినది ఏమిటంటే, విద్యార్థుల అభిప్రాయ సేకరణ, ఎందరు మధ్యలో చదువు మానేశారు, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి అన్న అంకెలు, ఆ పైన విశ్వవిద్యాలయం వారు వ్రాసుకున్న 15 పేజీల విన్నపము. 59 సంస్థలకు బంగారం, 116కి వెండి, 56కి కంచు వచ్చాయి. ప్రపంచమంతా పేరు వినే లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు కంచు! అంబేద్కర్ గారు చదివిన చోటు అది. దానిపై పెద్ద గొడవ జరిగింది. గొప్ప పేరున్న చోట పాఠం బాగా చెబుతారని ఎవరన్నారని కొందరు, పాఠం వినకుండా పాఠానికి కంచు ఎట్లా ఇస్తారని కొందరు. ఇద్దరూ నిజమే చెప్పారని మా అభిప్రాయము.

ఇక విద్యార్థులను అడిగితే సరిపోదా అంటారు. పాఠం విన్నది వాళ్ళే గదా, వాళ్ళ మార్కులే తీసుకుందాం, ప్రొఫెసర్లెందుకు అని మొన్న కార్యవర్గ సమావేశంలో ఒక మిత్రుడన్నారు. ఇక్కడ కొంచెం ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే న్యాయనిర్ణేతలు బోల్తాపడేది ఇక్కడే.

1970లో అమెరికాలో ఒక తమాషా చేశారు. సినిమాలలో, టెలివిజనులో వేషాలు వేసే ఒక నటుణ్ణి తెచ్చి, డాక్టర్ ఫాక్స్ అని పేరు పెట్టి, వైద్య విద్యకు గణితశాస్త్రాన్ని అన్వయించడం గురించి ఉపన్యాసం ఇప్పించారు. ఆయనకు ఆ విషయం ఓనమాలు కూడా తెలియవు. కావాలనే ఒకదానితో ఒకటి పొసగని మాటలు, అర్థం లేని మాటలు, మధ్య మధ్య హాస్యోక్తులు చేర్చి తయారు చేయించారు. వినేవాళ్ళు పిల్లలు కాదు, మనస్తత్వ శాస్త్రం తెలిసిన వైద్యులు, వైద్య విద్య బోధించేవారు. ఉపన్యాసం బ్రహ్మాండంగా ఉన్నదని వాళ్ళు మార్కులు వేశారు! ఈ సంగతి 1973లో అచ్చయింది. ముషాయిరాలకు వెళ్ళిన వారికి ఇది కొత్త కాదు. గొంతు బాగున్నవాడికి వాహ్ వాహ్‌లు ముందు పడతాయి. ఇంటికి వెళ్ళాక షేర్‌లో ఏముందని వెతుక్కుంటే దొరకదు.

ఇది వేడుక కోసం చేసినదనుకుంటే, ఇంతకంటె గట్టిది ఇంకొకటున్నది. అమెరికా వైమానిక దళానికి ఒక అకాడమీ ఉన్నది. అక్కడ ఏ విద్యార్థి ఏ అధ్యాపకుని క్లాసులో కూర్చోవాలో విద్యార్థి ఎంచుకోడు, చీటీ వేసినట్లుగా పడుతుంది. సిలబస్ ఒకటే, పరీక్ష ఒకటే. మొదటి గణితం పాసయినవాడు తప్పనిసరిగా రెండవ గణితం చదవాలి. స్కాట్ కారెల్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 10 వేలకు పైగా విద్యార్థుల లెక్కలు తీసి 2010లో ప్రచురించారు. ఏం తేలింది? మొదటి కోర్సులో ఎవరి విద్యార్థులకు మార్కులు ఎక్కువ వచ్చాయో, ఎవరిని విద్యార్థులు బాగా మెచ్చుకున్నారో, ఆ అధ్యాపకుల విద్యార్థులు తరువాతి కోర్సులో వెనకబడ్డారు. అనుభవమున్న అధ్యాపకుల దగ్గర మొదట మార్కులు కాస్త తక్కువే. మెప్పు కూడా తక్కువే. కాని వాళ్ళ పిల్లలు పై తరగతికి వెళ్ళాక నిలబడ్డారు.

అయ్యా, ఇది చదివినప్పుడు మా స్టాఫ్ రూములో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే మాకందరికీ ఎవరెవరు గుర్తుకు వచ్చారో మాకు తెలుసు. పరీక్షకు వచ్చే పది ప్రశ్నలు చెప్పి, వాటికి జవాబులు వల్లె వేయించి, ఫలితాల రోజున పూలదండ వేయించుకునే వారు ప్రతి ఊళ్ళో ఉంటారు. లెక్క ఎందుకట్లా వచ్చిందని గంటసేపు పిల్లవాడిని వేధించి, వాడిచేత తిట్లు తిని, వాడు ఇంజనీరయ్యాక ఒక సాయంకాలం గుర్తుకు వచ్చే వారూ ఉంటారు. బహుమతి సంవత్సరానికొకసారి ఇచ్చేది. ఈ రెండోవారి పంట పండడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. న్యాయనిర్ణేత ఆ సంవత్సరపు మార్కుల పట్టీ ముందేసుకుని కూర్చుంటే మొదటివారే కనబడతారు.

2019లో హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం మొదటి తరగతులలో ఇట్లాంటిదే చూశారు. తాము చేతులు పెట్టి, తమలో తాము తర్కించుకుని నేర్చుకున్న విద్యార్థులు పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. అయినా మేము తక్కువ నేర్చుకున్నామని వాళ్ళే చెప్పారు! నున్నగా సాగిన ఉపన్యాసం విన్నవాళ్ళు ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు. నేర్చుకోవడంలో కష్టముంటుంది. కష్టపడినవాడికి తనకు రాలేదనిపిస్తుంది. కెనడాలో టొరంటో నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో ఈ విద్యార్థుల మార్కుల వివాదం మధ్యవర్తి దగ్గరకు వెళితే, బోధన ఎంత ఫలించిందో తేల్చడానికి, ప్రమోషన్లకు వీటిని వాడవద్దని 2018లో తీర్పు వచ్చింది.

అంతమాత్రాన విద్యార్థిని అడగవద్దని మేము అనడం లేదు. క్లాసుకు వేళకు వస్తాడా, జవాబు పత్రాలు దిద్ది తిరిగి ఇస్తాడా, సందేహం అడిగితే కసురుతాడా, ఇవి విద్యార్థికి తెలిసినంత ఇంకెవరికీ తెలియవు. అయితే దీనిలోనూ ఒక మెలిక ఉన్నది. నార్త్ కరోలినాలో ఒక విశ్వవిద్యాలయం వారు ముఖం కనబడకుండా కంప్యూటరు మీద పాఠం చెప్పించారు. చెప్పేవారు ఒక పురుషుడు, ఒక స్త్రీ. ఒక్కొక్కరూ ఒక బృందానికి తమ పేరుతోను, ఇంకొక బృందానికి ఎదుటివారి పేరుతోను చెప్పారు. దిద్దిన పేపర్లు అందరికీ ఒకే వేళకు తిరిగి ఇచ్చారు. వేళకు ఇచ్చారా అంటే, మగ పేరున్న చోట 5కి 4.35 మార్కులు, ఆడ పేరున్న చోట 3.55! విద్యార్థులు 43 మందే, చిన్న పరీక్ష. 2015లో అచ్చయింది. చిన్నదైనా మన బాలికల కళాశాలలో పనిచేసే లెక్చరర్లను అడిగి చూడండి, వాళ్ళు ఆశ్చర్యపోరు.

పేరు అట్లా పనిచేస్తే, భాష ఏం చేస్తుంది? ఇక్కడ మా బాధ కొంచెం చెప్పుకోవాలి. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో పుట్టింది ఉర్దూ బోధనా భాషగా. విజ్ఞానశాస్త్రం, వైద్యం అన్నీ ఉర్దూలో చెప్పారు. అందుకోసం గ్రంథాలు తర్జుమా చేయడానికి ప్రత్యేకంగా ఒక శాఖను పెట్టారు. 1998లో అదే నగరంలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. మన పిల్లలు అక్కడికి వెళుతున్నారు. తెలుగు మీడియం డిగ్రీ చదువుకునే పిల్లలూ పల్లెల నుండి వస్తున్నారు. వాళ్ళకు వాళ్ళ భాషలో ఆర్థికశాస్త్రమో, రసాయనశాస్త్రమో విడమరచి చెప్పే లెక్చరర్లున్నారు. వారిలో కొందరి పాఠం వింటే మాకే అసూయ కలిగింది. కాని ఫైలు ఇంగ్లీషులో వ్రాయమంటే కలం ఆగిపోతుంది. ఇక ఇంగ్లీషులో పాఠం చెప్పేవాడి ఫైలు ధారాళంగా నడుస్తుంది. ముగ్గురు పెద్దమనుషులు ఒక మధ్యాహ్నం కూర్చుని ముప్పై ఫైళ్ళు తిరగేస్తే ఎవరిది పైకి వస్తుందో చెప్పనక్కరలేదు. దీనిలో వాళ్ళ దురుద్దేశమేమీ లేదు. చదవడానికి హాయిగా ఉన్నది బాగుందనిపిస్తుంది, అంతే.

మన దేశంలో ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారాలు 1958 నుండి ఉన్నాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పుట్టినరోజు సెప్టెంబరు 5న ఇస్తారు. అవి చాలాకాలం బడిపంతుళ్ళవే. 2018లో విధానం మార్చి, ఎవరికి వారే దరఖాస్తు పెట్టుకోవచ్చునన్నారు. సంఖ్య బాగా తగ్గించారు. 2023లో తొలిసారిగా ఉన్నత విద్య అధ్యాపకులను కూడా చేర్చారు. ఆ యేడు మొత్తం 75 మందిలో 13 మంది కళాశాలల, విశ్వవిద్యాలయాల వారు. ముందు ఒక సంఘం వడపోస్తుంది, తరువాత జ్యూరీ తేలుస్తుంది. బోధనా సామర్థ్యానికి, సమాజానికి చేసిన సేవకు ఎక్కువ బరువు ఇస్తామని, పరిశోధనను దాని తరువాత చూస్తామని నిబంధనలలోనే చెప్పారు. ఇది సంతోషించదగ్గ మార్పు. ప్రశంసాపత్రం, 50 వేల రూపాయలు, వెండి పతకం.

అయితే దరఖాస్తు పెట్టేవాడు రెగ్యులర్ అధ్యాపకుడై ఉండాలి. మన కళాశాలల్లో కాంట్రాక్టు లెక్చరర్లు, గంటకింత అని తీసుకునే గెస్ట్ లెక్చరర్లు ఎంతమందో మీకు తెలుసు. జూన్‌లో తీసుకుంటారు, మార్చిలో పంపేస్తారు. కొన్ని విభాగాలు వాళ్ళ మీదనే నడుస్తున్నాయి. వాళ్ళలో ఎంత గొప్పవాడున్నా జ్యూరీ కంటికి ఆనడు. జ్యూరీ తప్పు కాదు, ఫైలు వాళ్ళ బల్ల మీదకే రాదు. తీర్పరి న్యాయంగా ఉంటే చాలునని మనం అనుకుంటాం. అంతకు ముందే గడప దగ్గర ఎవరిని ఆపేశారో తీర్పరికి కూడా తెలియదు.

తీర్పరుల నిజాయితీ గురించి కూడా ఒక మాట. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇవ్వడానికి వచ్చిన తనిఖీ బృందంలోని ప్రొఫెసర్లను, లంచం పుచ్చుకున్నారన్న ఆరోపణ మీద సి.బి.ఐ. అరెస్టు చేసింది. నేరం చేశారో లేదో కోర్టు చూసుకుంటుంది. మనకు కావలసిన సంగతి, వాళ్ళంతా చదువుకున్నవారు, పదవులలో ఉన్నవారు అన్నదే. మన బహుమతి అంత పెద్దది కాదు, దానికి ఎవరూ బంగారం తెచ్చివ్వరు. మన దగ్గర జరిగేది వేరు. ఫలానా వారు మా బావమరిదికి గైడు, ఫలానా వారు నిరుడు మస్జిద్ కాంపౌండుకు చందా ఇచ్చారు, వారికి ఈ యేడు ఇద్దాం, వీరికి వచ్చే యేడు. ఇట్లా నాలుగేళ్ళు నడిస్తే ఐదో యేడు షీల్డుకు గాజు విలువ కూడా ఉండదు.

ఇక మేము కోరేది. అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయం వారు చెర్రీ పురస్కారమని ఇస్తారు. సొమ్ము 2 లక్షల 50 వేల డాలర్లు. చివరకు మిగిలిన ముగ్గురినీ పిలిపించి ఉపన్యాసం చెప్పించుకుని వింటారు. మన దగ్గర అంత సొమ్ము లేదు, కాని మనకొక వసతి ఉన్నది. అన్ని కళాశాలలూ బస్సెక్కితే రెండు గంటల దూరంలోనే ఉన్నాయి. న్యాయనిర్ణేతలుగా వచ్చే ప్రొఫెసర్లు ఒక్కొక్కరి క్లాసులో రెండేసి సార్లు వెనక బెంచీలో కూర్చోవాలి. ఒకసారి చెప్పి, ఒకసారి చెప్పకుండా. మూడో పని, దిద్దిన జవాబు పత్రాలు ఒక పది తెప్పించుకుని చూడాలి. అధ్యాపకుడు సున్నా చుట్టి ఊరుకున్నాడా, ఎక్కడ తప్పాడో పక్కన వ్రాశాడా అన్నది అందులో తెలిసిపోతుంది. ఎర్ర సిరా దాచుకోలేదు. వాళ్ళ బస్సు చార్జీలు, భోజనం సంఘం పెట్టుకోవాలి. షీల్డు కొంచెం చిన్నదైతే ఏం పోయింది?

ముగ్గురిలో ఒకరు ఈ జిల్లాతో సంబంధం లేనివారై ఉండాలి. ఒకరికి ఉర్దూ, తెలుగు రెండూ వచ్చి ఉండాలి. దరఖాస్తు ఏ భాషలోనైనా తీసుకోవాలి. తన శిష్యుడో, చుట్టమో పోటీలో ఉన్న తీర్పరి ఆ సంవత్సరం తానే తప్పుకోవాలి. కాంట్రాక్టు వారికి, గెస్టు వారికి తలుపు తీసి ఉంచాలి. ప్రిన్సిపాల్ సంతకం లేకుండా కూడా దరఖాస్తు తీసుకోవాలన్నది మా పట్టుదల. దీనిపై కార్యవర్గంలో ఇద్దరు పెద్దలు ఒప్పుకోలేదు, క్రమశిక్షణ పోతుందన్నారు. వారితో మాకు గౌరవంగానే భేదాభిప్రాయము. గెస్ట్ లెక్చరరు మీద ప్రిన్సిపాల్ గారికి కోపమొస్తే సంతకమేమిటి, ఉద్యోగమే ఉండదు. బహుమతి రాని వారందరికీ న్యాయనిర్ణేతలు ఒక్క పేరాలోనైనా ఏం బాగుంది, ఏం కొరవడింది వ్రాసి పంపాలి. మేము పిల్లల పరీక్షలకు చేసే పని అదే, పెద్దల పరీక్షకు ఎందుకు చేయకూడదు?

ఫారం ముసాయిదా ఒకటి మేము తయారుచేసి కార్యదర్శి గారికి ఇచ్చాము. రెండు పేజీలే. మొదటి పేజీలో పేరు, చదువు, ఉద్యోగం చేసిన సంవత్సరాలు. రెండవ పేజీలో ఒక ఖాళీ ఉన్నది. దరఖాస్తుదారు దగ్గర చదివిన విద్యార్థులకు ఆ తరువాతి సంవత్సరం అదే విషయం ఎవరు చెప్పారో వారి పేరు, ఫోను నంబరు అందులో వ్రాయాలి. న్యాయనిర్ణేతలు ముందుగా ఫోను చేయవలసినది ఆయనకే. ఈ ఖాళీ తీసివేయమని ఎవరైనా అంటే ఇప్పుడే, ఈ సభలోనే చెప్పవలసిందిగా మనవి. వచ్చే నెల మొదటి ఆదివారం కార్యవర్గం దీనిని ఖాయం చేస్తుంది.